కమాను

మస్కట్‌లో రువి వైపు ఉన్న ఒక సంగీత వాయిద్యాల కొట్టుకి వెళ్ళి "బో కావాలి" అని ఇంగ్లీషులో అడిగాను. కౌంటర్ వెనకాల ఉన్న ఈజిప్టు కుర్రాడికి అర్థం కాలేదు. అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. తోచక మన మాటే అనేశాను, "కమాను" అని. అతని ముఖం వెలిగింది. లోపలికెళ్ళి ఒక వయొలిన్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇది కాదు బాబూ, కమాను, కమాను అంటూ కుడిచేత్తో గాలిలో అటూ ఇటూ లాగి చూపించాను. ఈసారి ఇంకో వయొలిన్ తెచ్చాడు. మొదటిదానికంటే ఖరీదైనది.

అరబ్బీలో కమాన్ అంటే వయొలినేనని, మనం కమాను అనే కర్రని వాళ్ళు ఖౌస్ అంటారని ఆ రోజు తెలుసుకున్నాను. పారశీకంలో విల్లు అని అర్థమున్న మాట ఒకటి బయల్దేరి, అరబ్బుల దగ్గర వాయిద్యమై కూర్చుంది. మన దగ్గరికొచ్చేసరికి ఆ వాయిద్యాన్ని వాయించే కర్ర అయింది. అంతటితో ఊరుకోకుండా లారీ కింద వేసే పట్టీలూ, ఊరి మొదట్లో కట్టే ద్వారమూ కూడా అయింది. పైగా ఈజిప్టు వాళ్ళ వాడుకలో 'కమాన్' అంటే 'ఇంకా' అని అర్థమట. ఇంకా, ఇంకా అని అడుగుతున్నాననుకుని ఉంటాడు పాపం.

చివరికి నాక్కావలసింది డబుల్ బేస్‌కి అని తెలిసేసరికి కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. నాకప్పటికి యాభై రెండేళ్ళు. ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్ని. ముఖం చూస్తే సిమెంటు బస్తాలు లెక్కపెట్టేవాడినని ఎవరైనా చెప్పేస్తారు.

డబుల్ బేస్ అంటే వయొలిన్ కుటుంబంలో అందరికంటే పెద్దన్న. నాలుగు తీగలు. నేల మీద నిలబెట్టి, దాని నడుం పట్టుకుని పక్కన నిలబడి వాయించాలి. పాత సినిమా పాటల్లో పల్లవి కింద ఎక్కడో దుమ్ దుమ్ అని నడుస్తుండేది చాలాసార్లు ఇదే, వేళ్ళతో మీటినప్పుడు. కమానుతో లాగితే వేరే సంగతి. నా దగ్గరున్నదాన్ని ముప్పాతిక సైజు అంటారు. పెద్దవాళ్ళలో ఎక్కువమంది వాయించేది అదే సైజు. ముప్పాతికే అయినా నాకంటే పొడుగు.

అది నా ఇంటికి రావడం కూడా విచిత్రంగానే జరిగింది. 2020లో కరోనా వచ్చి ఉద్యోగాలు పోయి, మస్కట్‌లో ప్రతి సూపర్ మార్కెట్ బోర్డు మీదా 'దేశం వదిలి వెళ్తున్నాం, సామాన్లు అమ్మబడును' అన్న కాగితాలే ఉండేవి. నేను వెళ్ళింది వాషింగ్ మెషీన్ కోసం. ఆ విల్లాలో ఉండే యూరప్ ఇంజనీరు వాషింగ్ మెషీన్ అప్పుడే ఎవరో పట్టుకుపోయారని చెప్పి, హాల్లో మూలగా నిలబెట్టి ఉన్న బేస్‌ని చూపించాడు. నూట ఇరవై రియాళ్ళు. దాని ధరలో అది నాలుగో వంతు కూడా కాదని తర్వాత తెలిసింది. ఎవరూ కొనరు, ఓడలో వేసి పంపితే వస్తువుకంటే రవాణాకే ఎక్కువ, పారేయడానికి మనసొప్పదు. ఆ అవస్థ నాకు అర్థమైంది. మనందరి ఇళ్ళలోనూ అలాంటివి ఏవో ఉంటాయి.

"మరి దీని బో?" అని అడిగాను.

తన సూట్‌కేసు పక్కనున్న సన్నటి పెట్టె చూపించాడు. "అది నాతో వస్తుంది. బేస్ ఎక్కడైనా ఇంకోటి దొరుకుతుంది."

నా కరోలాలో ముందు సీటు వెనక్కి వాల్చి, దాని మెడని నా భుజం పక్కనుంచి పోనిచ్చి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ తలుపు తీసి చాలాసేపు చూసి, "ఏమండీ, బట్టలు ఇందులో ఉతకాలా?" అంది.

రెండేళ్ళు దాన్ని వేళ్ళతో మీటుతూ గడిపాను. కమాను కొనలేదు. డబ్బులు లేక కాదు. కొట్లు మూసేశారు, కరోనా, ఆఫీసులో పని అని అందరికీ చెప్పాను. అసలు కారణం చెప్పాలంటే విజయనగరం వెళ్ళాలి.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో గుమాస్తా. పెళ్ళికి ముందు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. నాన్న చేరేనాటికి ద్వారం వారు అక్కడ లేరు. కానీ ఆ ఊళ్ళో వయొలిన్ పట్టినవాడెవడైనా ద్వారం వారి కమాను గురించి మాట్లాడకుండా ఉండలేడు. నాన్న కూడా అంతే. కచేరీలు చేసేంత వాడు కాదు. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, స్నానం చేసి, చాప మీద కూర్చుని ఒక గంట. మాకు అది గడియారం లాంటిది. నాన్న వయొలిన్ ఆపితే అన్నాలు.

1978 దసరా సెలవులు. నాకు ఎనిమిదేళ్ళు. వీధిలో పిల్లలం రామాయణం ఆడుతున్నాం. నేను రాముణ్ణి. రాముడికి విల్లు కావాలి. మిగతా పిల్లలవి వెదురుబద్దలు. మా ఇంట్లో సాక్షాత్తూ అసలైన విల్లు ఉండగా నాకు వెదురుబద్ద ఏమిటి? పెట్టె తెరిచి కమాను తీశాను. మర బిగిస్తే వెంట్రుకలు బిగుసుకుంటాయని నాకు తెలుసు. బాగా బిగించాను. చీపురుపుల్ల ఎక్కుపెట్టి రావణాసురుడి మీదకి గురి చూసి వెనక్కి లాగాను. తల దగ్గర ఠప్పుమని విరిగింది.

నాన్న కొట్టలేదు. తిట్టలేదు. వీధిలో దీపం కింద కూర్చుని తెగిన గుర్రపు వెంట్రుకలన్నీ ఏరారు. వాటిని తెల్లదారంతో కట్టారు. విరిగిన రెండు ముక్కలూ, ఆ కట్టా పెట్టెలో పెట్టి మూత వేశారు. అంతే. ఆ తర్వాత మా ఇంట్లో వయొలిన్ వినపడలేదు. కొన్నేళ్ళకి అక్క పెళ్ళి ఖర్చుల్లో వయొలిన్ కూడా వెళ్ళిపోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2022లో మా ఆఫీసులో పనిచేసే ఒక ఒమానీ స్నేహితుడు తన మేనమామ దగ్గరికి తీసుకెళ్ళాడు. సీబ్‌లో ఉంటారు. బలూచీ కుటుంబం, హిందీ మనకంటే బాగా మాట్లాడతారు. వయసులో ఉన్నప్పుడు డబుల్ బేస్ వాయించారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి ఉస్తాద్ అనే అంటాను. ఒమాన్‌లో ఇది కొందరికి వింతగా తోచవచ్చు గానీ, సుల్తాన్ ఖాబూస్ 1985లోనే ఒమానీ పిల్లల్ని పోగుచేసి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టించాడు. 1987లో వాళ్ళు మొదటి కచేరీ చేశారు. ఆ పిల్లలు ఇప్పుడు తాతలయ్యే వయసులో ఉన్నారు.

ఉస్తాద్ నా మాట విని అన్న మొదటి మాట: "రెండేళ్ళు బో లేకుండానా? అయితే రెండేళ్ళు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వాసన చూశావన్నమాట."

బేస్ కమాను వయొలిన్ కమానులా ఉండదు. దానికంటే పొట్టి, కానీ రెట్టింపుకి పైగా బరువు. అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అది ఏ జాతిదన్నది. ఫ్రెంచి, జర్మన్ అని రెండు రకాలున్నాయి. ఫ్రెంచిదాన్ని వయొలిన్ కమానులాగే చెయ్యి పైనుంచి వేసి పట్టుకుంటారు. జర్మన్‌ది చేతికిందనుంచి, పక్కనుంచి, వడ్రంగి రంపం పట్టినట్టు. పాతది ఈ రెండో పద్ధతే. పందొమ్మిదో శతాబ్దంలో బొట్టెసీనీ అనే ఇటలీ విద్వాంసుడు పైనుంచి పట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. ఈ బొట్టెసీనీయే 1871 డిసెంబరులో కైరోలో 'ఐదా' ఆపెరా మొట్టమొదటి ప్రదర్శనకి ఆర్కెస్ట్రాని నడిపించినవాడు. అరబ్బుల గడ్డ మీద డబుల్ బేస్ వాడొకడు నూట యాభై ఏళ్ళ కిందటే అంత పని చేశాడని ఉస్తాద్‌కి మహా గర్వం, ఆయన ఇటలీవాడైనా సరే.

నాకు మాత్రం రెండో ఆలోచన లేదు. ఫ్రెంచిదే కావాలి. నాన్న చెయ్యి అలాగే ఉండేది కదా.

ఆ రువి కొట్టువాళ్ళు వంద రియాళ్ళు డిపాజిట్ కట్టించుకుని, వారం రోజులు చూసి నచ్చినది ఉంచుకునే ఒప్పందం మీద మూడు కమానులు బయటి నుంచి తెప్పించారు. ఒకటి ఫైబర్‌గ్లాస్‌ది, జర్మన్ రకం, ఇరవై ఎనిమిది రియాళ్ళు. రెండోది కర్రది, ఫ్రెంచి, డెబ్బై అయిదు. మూడోది కార్బన్ ఫైబర్, జర్మన్, తొంభై అయిదు. రియాల్ అంటే అప్పటికే రెండొందల రూపాయల పైమాట. మా ఆవిడ మనసులో గుణించుకోవడం నాకు వినపడింది.

కర్రది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎర్రమట్టి రంగు. పేరుకి బ్రెజిల్ కర్ర. అసలు మేలైన కమానులకి వాడేది బ్రెజిల్ తీరంలోని పెర్నంబుకో చెట్టు. కొట్టి కొట్టి అది అరుదైపోతే 2007లో అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. నాలాంటివాడి ధరలో దొరికే బ్రెజిల్ కర్ర దానికి దూరపు బంధువో, ఒక్కోసారి అదీ కాదో. ఇక్కడొక తమాషా ఉంది. మస్కట్‌లో మలయాళీ హోటల్‌కి వెళ్తే గులాబీ రంగు వేడినీళ్ళు ఇస్తారు చూశారా, అందులో వేసేది పతిముగం చెక్క. ఆ చెట్టూ, పెర్నంబుకో దగ్గరి చుట్టాలు. ఎర్రరంగు కోసం యూరప్ వాళ్ళు ముందు కొన్నది మన ఆసియా చెక్కనే, దాన్నే బ్రెజిల్ అనేవారు. తర్వాత అలాంటి చెట్టే సముద్రానికి ఆవల కనపడితే ఆ పేరు దానికి పెట్టారు, ఆ పేరే దేశానికి నిలిచిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నాను, కమాను కొనబోయేదాకా నాకు తెలియదు.

ఉస్తాద్ మా ఇంటికొచ్చి మూడింటినీ కన్ను దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు చివరిదాకా చూశారు. వంకర ఉందా అని. మర బిగించి నడుమన కర్రకీ వెంట్రుకలకీ మధ్య ఎంత సందు ఉందో చూశారు. బిగించినా కర్ర లోపలికి వంగే ఉండాలి, నిటారుగా అయిపోతే పనికిరాదు. "వాయించడం అవగానే వదులు చెయ్యి. మర్చిపోతే నీ ఏసీ దాన్ని తినేస్తుంది" అన్నారు. మస్కట్ సముద్రం గాలి తడి, ఇంట్లో ఏసీ పొడి. గుర్రపు వెంట్రుక తడికి సాగుతుంది, పొడికి కుదించుకుపోతుంది. బిగించి వదిలేసిన కమాను రాత్రంతా ఏసీలో ఉంటే ఆ లాగుడికి తల ఊడిరావచ్చు. తల ఊడిరావడం అన్న మాట ఆయన మామూలుగా అన్నారు. నేను లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాను.

రోజిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బేస్‌కి వాడే రోజిన్ మెత్తగా, జిగురుగా ఉంటుంది. దాన్ని జూన్ నెలలో కారులో మర్చిపోయాను. సాయంత్రానికి డబ్బాలోంచి కారి సీటు మీద తేనెలా నిలిచింది. మా సలాలా డ్రైవరు దాన్ని వాసన చూసి, ఇది లుబాన్ కాదే అన్నాడు. కాదు, దేవదారు జాతి చెట్టు బంక అని చెప్పాను. "అయితే తప్పేమీ లేదు, అదీ చెట్టు కన్నీళ్ళే" అని సర్దిచెప్పాడు. సీటు మాత్రం ఇప్పటికీ అంటుకుంటుంది.

ఇక వాయించి చూడటం. ఉస్తాద్ గోడవైపు తిరిగి కూర్చున్నారు. మా ఆవిణ్ణి కూడా అలాగే కూర్చోమన్నారు. ఏది పట్టుకున్నానో చెప్పకుండా అన్నిటికంటే లావు తీగని ఒక్కొక్కదానితో నాలుగుసార్లు లాగాలి. ఆ తీగ సెకనుకి నలభై ఒక్కసారి కదులుతుంది, చెవికంటే ముందు పాదాలకి తెలుస్తుంది. ఫైబర్‌గ్లాస్‌తో లాగితే గరగరా వచ్చింది, మొరటుగా, కానీ వచ్చింది. కర్రదానితో లాగితే మొదట్లో మంచి తేనె, సగం దూరానికి నా చెయ్యి వణికింది, స్వరం తెగింది. మళ్ళీ లాగాను, మళ్ళీ తెగింది. మౌస్ పట్టుకుని పట్టుకుని నా బొటనవేలి మొదట్లో కీలు నొప్పి, పైనుంచి పట్టినప్పుడు భారమంతా దాని మీదే పడుతోంది. కార్బన్ జర్మన్‌తో లాగితే తీగ మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున పలికింది.

"మూడోది" అన్నారు ఉస్తాద్, వెనక్కి తిరక్కుండానే.

"మూడోదేనండీ" అంది మా ఆవిడ. "రెండోదానికి మీరు ఊపిరి బిగబట్టేస్తున్నారు."

ఫ్రెంచిదే తీసుకుంటానన్నాను. ఉస్తాద్ వాదించలేదు. ఈ ఊళ్ళో కర్ర వంకరపోతుందని, నీ బొటనవేలు ఆర్నెల్లలో మానిపించేస్తుందని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు. ఇంకా నాలుగు రోజులు గడువుంది. ఆ నాలుగు రోజులూ రాత్రి పది దాటాక కర్ర కమాను పెట్టెలోంచి తీయడం, పైనుంచి చెయ్యి వేసి అద్దంలో చూసుకోవడం, మళ్ళీ పెట్టేయడం. వాయించింది తక్కువ. అద్దంలో ఆ మణికట్టు అచ్చం మా నాన్నదే.

ఆఖరి రోజు ముందు శుక్రవారం నాన్నకి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి ఆయనకి. డబుల్ బేస్ అన్న సంగతి తెలుసు, "ఆ పెద్ద వయొలిన్" అంటారు. కమాను కొంటున్నానని చెప్పాను. ఏ కర్ర, ఎంత తూకం, వెంట్రుక తెల్లదా నల్లదా, అన్నీ అడిగారు. అంత హుషారుగా మాట్లాడి చాలా రోజులైంది. ఎందుకో అప్పుడు నోరు జారింది.

"నాన్నా, మీ కమాను నేను విరగ్గొట్టాను కదా."

"ఏ కమాను?"

చెప్పాను. దసరా, రావణాసురుడు, చీపురుపుల్ల. అటునుంచి కాసేపు ఫ్యాను శబ్దం మాత్రం వినిపించింది.

"అది ఇరిగిందని మానేసాననుకున్నావేటి? మానేద్దావని చూస్తుంటే ఇరిగిందిరా. అప్పటికే రెండేళ్ళై చెయ్యి పలకడం లేదు. మీయమ్మతో చెప్పడానికి మొహమాటం. నువ్వు మేలే చేసావు."

నలభై నాలుగేళ్ళు. నాకేమనాలో తెలియలేదు. అది నిజమో, ఫోన్‌లో నా గొంతు విని అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలియదు. అడుగుదామంటే అమ్మ లేదు. మానేద్దామనుకున్న మనిషి వీధిదీపం కింద కూర్చుని వెంట్రుకలెందుకు ఏరాడు, దారంతో ఎందుకు కట్టాడు అని అడగొచ్చు. అడగలేదు.

"సరేగానీ, చెయ్యి పైనుంచా కిందనుంచా పట్టడం?" అన్నారు.

రెండు రకాలున్నాయని, ఏది ఎలా ఉందో చెప్పాను. బొటనవేలు సంగతీ చెప్పాను.

"నొప్పెట్టిన చేత్తో వాయిస్తే ఆ నొప్పే వినపడతది. ఏటి నీకు పట్టుదల? కిందనుంచే పట్టు."

మర్నాడు కర్రదీ, ఫైబర్‌గ్లాస్‌దీ కొట్టులో ఇచ్చేసి, డిపాజిట్‌లో తొంభై అయిదు పట్టుకుని మిగిలిన అయిదు రియాళ్ళు తెచ్చుకున్నాను. ఈజిప్టు కుర్రాడు పెట్టెమీద అరబ్బీలో ఖౌస్ అని రాసి, కింద నవ్వుతూ కమాన్ అని కూడా రాశాడు. మా కంపెనీలో మరో రెండు మూడేళ్ళకంటే నన్ను ఉంచుతారని నమ్మకం లేదు. వెళ్ళేరోజు ఆ బేస్ గతి ఏమిటని మా ఆవిడ అప్పుడే అడగడం మొదలెట్టింది. సూపర్ మార్కెట్ బోర్డు ఎలాగూ ఉంది. వాషింగ్ మెషీన్ కోసం ఎవడో ఒకడు వస్తాడు. ఈ సన్నటి పెట్టె మాత్రం నా భుజానికే.

ఆ సాయంత్రం మళ్ళీ నాన్నకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, బేస్ పక్కన స్టూలు మీద ఉంచాను. కిందనుంచి పట్టి లావు తీగని లాగాను. పైఅంతస్తు మలయాళీ ఆయన గంట కొట్టి, నీళ్ళ మోటారు పాడైందా, ప్లంబర్ని పిలవమంటారా అని అడిగి వెళ్ళాడు. తిరిగొచ్చి మళ్ళీ లాగాను.

"వినపడుతోందా నాన్నా?"

"స్వరం వినపడ్డం లేదురా" అన్నారు. నిజమే, అంత కింది స్వరం ఫోన్‌కి అందదు. "వెంట్రుక గీరుకోడం వినపడతంది."

"ఎలా ఉంది?"

"చివరికొచ్చీసరికి తొందర పడతన్నావు. ఇంకోసారి లాగు."